పాలడిన్ పక్కన దొంగ: ఒక బెంగళూరు టేబుల్ కేసు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి పాత్రల ఆటల్లో మంచి క్యారెక్టర్‌కీ చెడ్డ క్యారెక్టర్‌కీ చెడిందని నాకు ఫోన్ చేసే డీఎంలు (ఆట నడిపే డంజన్ మాస్టర్లు) దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "ఇద్దరిలో ఎవర్ని మార్చుకోమనాలి?" ఈ టేబుల్‌లో, అంటే కలిసి ఆడే ఈ బృందంలో, ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నన్నాళ్లూ గొడవ పెరిగింది. దాన్ని పక్కన పెట్టి, ఏ విషయం ఎవరికి ముందు తెలుస్తోంది, ఎవరికి ఆఖర్న తెలుస్తోంది అని చూడటం మొదలుపెట్టాక తగ్గింది. అందుకే రాస్తున్నాను.

పేర్లన్నీ మార్చాను. ఉద్యోగాలు, సొంత ఊళ్లు తీసేశాను. కథలోని సంఘటనల్ని కూడా అక్కడక్కడా మార్చాను. ఆడిన వాళ్లందరూ చదివి సరే అన్నాకే ఇది బయటికి వస్తోంది. నేను బెంగళూరులో డబ్బు తీసుకుని ఆటలు నడుపుతాను. చెడిపోయిన టేబుళ్లని చూసి పెట్టమని అడిగితే వెళ్తాను.

టేబుల్

అవుటర్ రింగ్ రోడ్డుకి దగ్గరలో ఒక అద్దె ఫ్లాట్. ఆదివారం భోజనాలయ్యాక మొదలుపెట్టి చీకటి పడేసరికి ముగిస్తారు. డీఎం హరీష్, ఐదుగురు ఆటగాళ్లు, అందరూ తెలుగువాళ్లే. నలుగురైదుగురు ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు. మేఘన ఇక్కడే పుట్టి పెరిగింది, ఆమె తెలుగులో కన్నడం దొర్లుతూ ఉంటుంది. వయసులో పెద్దాయన ప్రసాద్ గారు విజార్డ్ (మాంత్రికుడు) ఆడతారు, మేఘన క్లెరిక్ (పూజారి), రఘు ఫైటర్ (యోధుడు). ఈ కేసు మిగిలిన ఇద్దరిది. సుజాత పాలడిన్ (ధర్మం కోసం పోరాడే యోధురాలు) ఆడుతుంది, ఆమె క్యారెక్టర్ పేరు ధీర. వంశీ రోగ్ (దొంగ) ఆడతాడు, అతని క్యారెక్టర్‌ని అందరూ నక్క అంటారు.

ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్. ఎప్పుడూ ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, డీఎం లోకాన్ని వర్ణిస్తాడు, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తరఫున ఏం చేస్తారో చెబుతారు, పని అవుతుందో లేదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాత్ర కాగితం మీద అలైన్‌మెంట్ అని ఒక గడి ఉంటుంది, మంచివాడా చెడ్డవాడా, కట్టుబాటు ఉన్నవాడా లేనివాడా అని. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలో మంచీ చెడూ అన్న విభజనే లేదు. లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (మధ్యస్థం), కేయాస్ (అరాచకం) అని మూడు పక్షాలుండేవి, అంతే. గుడ్, ఈవిల్ తర్వాత చేరాయి. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇప్పుడు అందరూ మీమ్స్‌లో వాడే తొమ్మిది గళ్ల లెక్క ఉంది.

ఈ చరిత్ర ఎందుకంటే, పాలడిన్ దగ్గర రూల్స్ మారుతూ వచ్చాయి. పాత ఎడిషన్లలో పాలడిన్ తప్పనిసరిగా లాఫుల్ గుడ్, అంటే కట్టుబాటు ఉన్న మంచివాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అయితే, చెడ్డవాడని తెలిసి తెలిసి వాడితో కలిసి తిరగకూడదని స్పష్టంగా రాసి ఉండేది. అంటే నక్క, ధీర ఒకే పార్టీలో (కలిసి తిరిగే పాత్రల జట్టులో) ఉండే ప్రశ్నే లేదు. 2014 రూల్స్‌లో ఆ నిషేధం లేదు. పాలడిన్ ఒక ప్రమాణానికి కట్టుబడితే చాలు. ధీరది ఓత్ ఆఫ్ డివోషన్: అబద్ధమాడకూడదు, మోసం చెయ్యకూడదు, బలహీనులకి అండగా నిలబడాలి. పక్కనున్న వాడు మోసం చేస్తే ఏం చెయ్యాలో మాత్రం పుస్తకం చెప్పదు. ఆ తగువు ఇప్పుడు ప్రతి టేబుల్ సొంతంగా తీర్చుకోవాలి.

వచ్చిన సమస్య

హరీష్ ఫోన్లో చెప్పింది ఇది. "అన్నా, మా వాడొకడు ఈవిల్ ఆడుతున్నాడు. పాలడిన్ ఆడే అక్కకి అస్సలు పడట్లేదు. గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయిపోయింది. అక్కకి నచ్చజెప్పాలా, వాడి క్యారెక్టర్ మార్పించాలా?"

జరిగిన కథ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. పార్టీ ఒక బందిపోటు ముఠాని చెదరగొట్టింది. ఒకడు కత్తి కింద పడేసి లొంగిపోయాడు. "నీ ప్రాణానికి నాది పూచీ" అని ధీర మాటిచ్చింది. ఆట ఆ రోజుకి అక్కడ ఆగింది. వారం మధ్యలో వంశీ హరీష్‌కి విడిగా వాట్సాప్ చేశాడు. రాత్రి తన కాపలా వంతులో ఖైదీ గొంతు కోసి, వాడి దగ్గరున్న మ్యాప్ తీసుకుని, శవాన్ని వాగులో తోసేస్తానన్నాడు. హరీష్‌కి ఐడియా నచ్చింది. తనే పాచికలు వేసి, పనైపోయిందని జవాబు పెట్టాడు.

తర్వాతి ఆదివారం తెల్లారేసరికి ఖైదీ లేడు. సుజాత వెతకడం మొదలుపెట్టింది. అడుగుజాడలు చూసింది, కాపలా కాసిన వాళ్లని ఒక్కొక్కర్నీ అడిగింది, వాగు దాకా వెళ్లింది. ఆటలో కాదు, గడియారం ప్రకారం గంటసేపు. ఆ గంటా రఘు, ప్రసాద్ గారు తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. వంశీ వాళ్లకి ముందే చెప్పేశాడు. ఇక చూడలేక మేఘన అసలు సంగతి బయటపెట్టింది. సుజాత పాచికలు సంచిలో వేసుకుని క్యాబ్ బుక్ చేసుకుంది.

హరీష్ దృష్టిలో సమస్య ఖైదీ చావు. నా దృష్టి మాత్రం ఆ గంట మీద నిలిచింది. ఒక మనిషి గంటసేపు కష్టపడి ఆడుతుంటే, దానికి ఫలితం ఉండదని మిగతా అందరికీ తెలుసు. క్యారెక్టర్ల అలైన్‌మెంట్‌లు తీసేసి చూసినా ఆ దృశ్యం అలాగే ఉంటుంది.

అప్పటికే చేసి చూసినవి

ఖైదీ సంగతి మొదటి గొడవ కాదు. అంతకుముందే చిన్నా పెద్దా తగువులు వచ్చాయి. టేబుల్ చేతులు ముడుచుకుని ఏమీ కూర్చోలేదు, నెట్‌లో దొరికే సలహాలన్నీ వాడి చూసింది.

మొదట ఈవిల్ వద్దని రూల్ పెట్టారు. వంశీ బుద్ధిగా కాగితం మీద కొట్టేసి కేయాటిక్ న్యూట్రల్ (కట్టుబాటు లేనివాడు, మంచీ చెడూ కానివాడు) అని రాసుకున్నాడు. నక్క మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. ఇది ఎందుకు పని చెయ్యదో పెద్దగా చెప్పక్కర్లేదు.

తర్వాత హరీష్ ఆటలోనే శిక్ష వెయ్యాలనుకున్నాడు. నక్క గుడి హుండీ కొట్టేశాడు, పట్నం కాపలావాళ్లు వచ్చి పార్టీ మొత్తాన్ని పట్టుకెళ్లారు. ఒక సెషనంతా జైల్లో గడిచింది. తాళాలు తియ్యడం, కాపలావాడి జేబు కొట్టడం, గోడ దూకడం, ఇవన్నీ రోగ్ పనులే కాబట్టి ఆ సెషన్ హీరో నక్కే. తప్పు చేసినవాడికి ఎక్కువ ఆట దొరికింది, ఏమీ చెయ్యని మేఘనకి మూడు గంటలు ఖాళీగా కూర్చునే శిక్ష పడింది. లోకం చేత శిక్ష వేయించే డీఎంలు ఈ లెక్క తరచూ మర్చిపోతారు. టేబుల్ మీద శిక్షా బహుమతీ రెండూ సమయంలోనే ఉంటాయి. ఎవరి చుట్టూ కథ తిరిగితే వాళ్లకి లాభం, అది ఉరికంబం చుట్టూ తిరిగినా సరే.

సుజాత తన క్యారెక్టర్‌కి ఉన్న శక్తుల్ని కూడా వాడి చూసింది. పాలడిన్‌కి డివైన్ సెన్స్ ఉంటుంది. దానితో చెడ్డవాణ్ణి పసిగట్టొచ్చని ఆమె అనుకుంది. ఐదో ఎడిషన్‌లో అది దేవలోక జీవుల్ని, పిశాచాల్ని, బతికొచ్చిన శవాల్ని చూపిస్తుందే తప్ప మనిషి బుద్ధిని చూపించదు. హుండీ విషయంలో జోన్ ఆఫ్ ట్రూత్ వేసింది. పదిహేను అడుగుల మేర పది నిమిషాల పాటు అబద్ధం చెప్పలేని మంత్రం అది. కానీ నోరు మూసుకోవడాన్ని గానీ, మాట దాటేయడాన్ని గానీ అది ఆపదు. "హుండీ తీశావా?" అంటే "తాళం మాత్రం చూశాను, భలే పనితనం" అన్నాడు నక్క. అందరూ నవ్వారు. ఐదో లెవెల్ పాలడిన్‌కి రెండో స్థాయి మంత్రాలు రోజుకి రెండే, అందులో ఒకటి ఆ నవ్వుకి ఖర్చయిపోయింది.

ఆఖరికి ద్వంద్వయుద్ధం పెట్టుకున్నారు. ఎదురెదురుగా నిలబడితే రోగ్ పాలడిన్ ముందు నిలవడం కష్టం, నక్క పడిపోయాడు, ధీర ప్రాణాలతో వదిలేసింది. నాకు తెలిసినంతలో, ఆ రోజు నుంచే వంశీ మెసేజ్‌లు పెరిగాయి. ఎదురుగా గెలవలేనని తేలాక మనిషి చాటుకి వెళ్తాడు.

ఇవన్నీ అయ్యాక హరీష్ సుజాతని కొంచెం చూసీ చూడనట్టు పొమ్మన్నాడు. బెంగళూరులో బస్సు సీటు దగ్గర్నుంచి ఇంటి అద్దె దాకా అన్నిటికీ వినిపించే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్న మాటే అది. అడ్జస్ట్ అవ్వమని ఎప్పుడూ మంచి క్యారెక్టర్ ఆడేవాళ్లకే చెబుతారు, గమనించండి.

విడివిడిగా మాట్లాడితే

వంశీతో మొదట మాట్లాడాను. కలిసేముందు నాకూ కొంచెం అనుమానం ఉండేది, ఆడవాళ్లని ఏడిపించి సంతోషపడే రకమేమోనని. కాదు. వారమంతా కాల్స్‌లో క్లయింట్లకి అవునండీ, అలాగేనండీ అని చెప్పి, ఆదివారం మూడు గంటలు చెడ్డవాడిగా బతకాలనుకునే మనిషి. ఇందులో నాకు తప్పేం కనిపించలేదు. మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడికీ మంచి మంచి పద్యాలున్నాయి, వన్స్‌మోర్లు అతనికీ పడతాయి. "సుజాత గారు హర్ట్ అవుతారని నేను అనుకోలేదన్నా, అది క్యారెక్టర్ కదా" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

సుజాత చెప్పింది నేను ఊహించినది కాదు. "వంశీని మార్చమని నేను అడగలేదండీ. నక్క లేకపోతే ఆ కథే చప్పగా ఉంటుంది. నాకు తెలిసి చెయ్యనివ్వండి, అంతే. ప్రతి వారం ఏం పోయింది, ఎవరు తీశారు అని లెక్క చూసుకోవడానికి నేను ఆదివారం పాడు చేసుకోలేను. నా పాలడిన్ ఇంతవరకూ ఒక్క పని కూడా తనంతట తను మొదలుపెట్టలేదు."

ఆ చివరి వాక్యమే నాకు దారి చూపించింది. నేను పక్కన కూర్చుంటాననే షరతు మీద ఆమె మళ్లీ వచ్చింది, నేను ఒక సెషన్ మొత్తం చూశాను. ఎవరు పని మొదలుపెడుతున్నారు, ఎవరు దానికి బదులు చెబుతున్నారు అన్నది మాత్రమే రాసుకున్నాను. వంశీ మొదలుపెడతాడు, సుజాత అడ్డుపడుతుంది. దాదాపు అంతా అదే. చిన్నప్పుడు ఆడుకున్న రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీల్లో సుజాతకి ప్రతిసారీ పోలీసు చీటీయే వస్తోంది. దొంగకి వంద పనులుంటాయి, పోలీసుకి దొంగని కనిపెట్టడం ఒక్కటే పని.

తర్వాత వంశీ అనుమతితో హరీష్ తన ఫోన్లోని చాట్ చూపించాడు. నాకు ఆసక్తి కలిగించింది మెసేజ్‌లలోని దుర్మార్గం కాదు, వాటి టైమింగ్. అన్నీ మంగళ, బుధవారాల్లో వచ్చాయి. హరీష్ తర్వాతి సెషన్ తయారు చేసుకునేది గురు, శుక్రవారాల్లో. కాబట్టి అతను తయారు చేసేదంతా నక్క ఏం చెయ్యబోతున్నాడో దాని చుట్టూనే. నక్క చోరీ చెయ్యబోయే ఇంటికి పటం ఉంటుంది, ఆ ఇంటి యజమానికి పేరుంటుంది. ధీర తలుపు తట్టబోయే అనాథ శరణాలయానికి పటం ఉండదు, ఎందుకంటే ధీర అక్కడికి వెళ్తుందని హరీష్‌కి ఎవరూ చెప్పలేదు. పక్షపాతం లేకుండానే టేబుల్ ఒక వైపు ఒరిగిపోయింది.

పాచికలు కూడా అటే ఒరిగాయి. నక్క చేతివాటానికి పాచిక అంకె మీద కలిసేది పది: చురుకుదనానికి నాలుగు, నైపుణ్యానికి రెట్టింపై ఆరు. ధీర ఊరికే ఉన్నప్పుడు గమనించే శక్తి పదకొండు, నక్క అందుకోవాల్సిన అంకె అదే. నక్కకి పాచిక మీద ఒకటి పడ్డా మొత్తం పదకొండు అవుతుంది, సరిపోతుంది. అంటే అతను ఎప్పటికీ దొరకడు. పోనీ ఇద్దరూ పాచికలు వేసుకుంటే? ధీరకి కలిసేది ఒకటే. రెండు ఇరవై ముఖాల పాచికలు పడగల 400 జతల్లో 334 నక్క గెలుస్తాడు, వందకి ఎనభై మూడు పైచిలుకు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఈశ్వరుడి భక్తురాలు పట్టే అవకాశం అదీ. పాచికలు న్యాయంగానే పడతాయి కదా అని హరీష్ అంతకాలం నిశ్చింతగా ఉన్నాడు.

సరిపోని ఉపాయం

మొదట నేను రెండు పాత్రల మధ్య ఒక బంధం పెట్టి చూశాను. ధీర తమ్ముణ్ణి ఒకప్పుడు నక్క చావు నుంచి తప్పించాడని వెనక కథ కల్పించాం. ఇలాంటి ముడి చాలా టేబుళ్లలో పని చేస్తుంది, వీళ్లు ఎందుకు కలిసి తిరుగుతున్నారన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుంది కాబట్టి. ఇక్కడ అది సుజాత చేతులు ఇంకా కట్టేసింది. ముందు కనీసం నక్కని వెళ్లగొడతానని బెదిరించగలిగేది, ఇప్పుడు రుణం ఉంది కాబట్టి అదీ లేదు. నక్కకి మాత్రం కొత్త ధీమా వచ్చింది. కలిసి ఉండటానికి కారణం చూపిస్తే, కలిసి ఉండటంలోని అసమానత గట్టిపడుతుంది. ఆ బంధాన్ని కథలో ఉంచి, దాని మీద ఆశ పెట్టుకోవడం మానేశాం.

పని చేసినవి

విడి మెసేజ్‌లు ఆపేశాం. పాత్రలకి తెలియని రహస్యాలు ఎన్నైనా ఉండొచ్చు, ఆడేవాళ్లకి తెలియనివి మాత్రం ఉండకూడదు. నక్క ఏం చేసినా టేబుల్ మీద, అందరూ వింటుండగా చెప్పాలి.

వంశీ వెంటనే అడ్డు చెప్పాడు. "సస్పెన్స్ పోతుంది కదన్నా." శకుని పాచికల్లో మాయ ఉందని నాటకం చూసే ప్రతివాడికీ తెలుసు, ధర్మరాజుకి మాత్రమే తెలియదు, అయినా జనం తెల్లవార్లూ కూర్చుని చూస్తారు కదా అన్నాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు, చూద్దాం అన్నాడు. హరీష్ భయం వేరు. సుజాతకి తెలిస్తే, ఆ తెలిసిన దాన్ని వాడుకుని ధీర చేత నక్కని పట్టిస్తుందేమోనని. ఆ భయం న్యాయమైనదే. కానీ మనుషులు తమకి దాచినదాన్ని వెతుకుతారు, నమ్మి చేతికిచ్చినదాన్ని సాధారణంగా కాపాడతారు. నా అనుభవంలో ఇది ఎక్కువసార్లు నిజమైంది, అన్నిసార్లూ కాదు. అందుకే ఒకే సెషన్‌కి ప్రయోగంగా పెట్టమన్నాను.

ఆ సెషన్‌లో నక్క ఒక వర్తకుడి పెట్టె తెరవాలనుకున్నాడు, పక్క గదిలో ధీర ఉంది. వంశీ సుజాత వైపు కాస్త బెరుకుగా చూసి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "ధీర సంధ్యా ప్రార్థనలో ఉంటుంది, అరగంట దాకా లేవదు. కానీ పెట్టె కీచుమని చప్పుడు చేస్తే మాత్రం లేస్తుంది" అంది. ఆ రెండో వాక్యం వినగానే టేబుల్ అంతా ముందుకి వంగింది. ఇప్పుడు చోరీ వంశీ ఒక్కడిదే కాదు, దాన్ని ఇద్దరూ కలిసి అల్లుతున్నారు.

రెండో మార్పు పాచికల గురించి. పార్టీలో ఒకరు మరొకరికి వ్యతిరేకంగా ఏదైనా చేస్తే, పాచిక వెయ్యరు. చేసేవాడు ఏం చేస్తున్నాడో చెబుతాడు, ఏం జరిగిందో ఆ పని ఎవరి మీద జరిగిందో వాళ్లు నిర్ణయిస్తారు. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలా టేబుళ్లలో ఉన్న ఇంటి రూలే. మామూలుగా నేను దీన్ని అందరికీ చెప్పను, పాచికలు వెయ్యడమే ఇష్టంగా వచ్చేవాళ్లకి ఇది చప్పగా తగులుతుంది. ఇక్కడ 334 లెక్క చూశాక వేరే దారి కనిపించలేదు. "అయితే నేనెప్పుడూ దొరికిపోతాననమాట" అన్నాడు వంశీ. అలా జరగలేదు. నిర్ణయం తన చేతిలో ఉన్నప్పుడు సుజాత చాలాసార్లు నక్కని తప్పించుకోనిచ్చింది. ఓడిపోవడం ఆమెకి ఎప్పుడూ బాధ కాలేదు, తన ప్రమేయం లేకుండా ఓడించబడటమే బాధ.

మూడో మార్పే నా లెక్కలో అసలుది, మిగతా రెండూ దానికి చోటు చేశాయి. ప్రతి మంగళవారం హరీష్ సుజాతకి ఒక ప్రశ్న పంపాలి: ఈ ఆదివారం ధీర ఏం మొదలుపెట్టాలనుకుంటోంది? జవాబు గ్రూప్‌లోనే, అందరూ చూసేట్టు. సెషన్ తయారీలో సగం దాని మీద.

మొదటి వారం ఆమెకి జవాబు తోచలేదు. ఏడాది పైగా అడ్డుపడటమే ఆడిన మనిషికి వెంటనే తోచదు మరి. రెండో వారం రాసింది: కరువొచ్చిన కొండ పల్లెకి ధాన్యం బళ్లు తోలుకెళ్లాలి. హరీష్ దారిలో ఒక ప్రభువు సుంకం చావిడి పెట్టాడు, ధాన్యం కనిపిస్తే జప్తు చేస్తారు. ధీర అబద్ధమాడదు. కాబట్టి ఎవరో ఒకరు ఆమె తరఫున అబద్ధమాడాలి.

నేను ఆ రోజు కూడా వెళ్లాను, చూడాలనే. చావిడి దగ్గర బళ్లాగాక ఎవరూ పాచికల జోలికి పోలేదు. పక్కవాడు అబద్ధం చెబుతుంటే నోరు మూసుకుని నిలబడటం మోసం కిందికి వస్తుందా రాదా అని ఐదుగురూ వాదించుకున్నారు. మేఘన క్లెరిక్ తన దేవుడి తరఫున ఒక ధర్మశాస్త్రమే అల్లింది. ప్రసాద్ గారు ఎప్పుడూ లేనిది గొంతు పెంచారు. సుజాత చివరికి తేల్చింది, ధీర బళ్ల వెనక నడుస్తుంది, ఎవరైనా సూటిగా అడిగితే నిజమే చెబుతుంది, అడగకుండా చూసుకోవాల్సిన బాధ్యత నక్కది. వంశీ కళ్లు మెరిశాయి. అంతవరకూ అతని దుర్మార్గం పార్టీకి చిరాకు, ఇప్పుడు అవసరం. నక్క ఒప్పుకున్నాడు, ఒక బండి ధాన్యం తనకి కావాలని మనసులో పెట్టుకుని. మనసులో పెట్టుకున్నాడని అందరికీ తెలుసు, ధీరకి తప్ప.

పల్లె చేరాక ధీర బళ్లు లెక్కపెట్టింది, ఒకటి తక్కువ. కొత్త రూల్ ప్రకారం నిర్ణయం సుజాతది. ధీర కత్తి తియ్యలేదు. నక్క తర్వాతి వాటా మొత్తం ధాన్యానికి పోతుందని చెప్పి, మిగిలిన బస్తాలు ఇంటింటికీ అతని చేతే మోయించింది. హరీష్ ఒక ముసలమ్మని పెట్టాడు, ఆమె బస్తా దించుకుని నక్కని చల్లగా ఉండమని దీవించింది. "ఆ దీవెన లేకపోతే బాగుండేదన్నా, నా వాడు చెడిపోయేలా ఉన్నాడు" అన్నాడు వంశీ తర్వాత, సగం నవ్వుతూ.

తేలనివి

గొడవ తగ్గాక కొత్త చిక్కు వచ్చింది. "వీళ్లిద్దరి సినిమాలో నేను సైడ్ క్యారెక్టర్‌ని" అంది మేఘన. నిజమే. మంచీ చెడ్డా ఎదురెదురుగా నిలబడితే మధ్యలో ఉన్నవాళ్లు ప్రేక్షకులైపోతారు. మంగళవారం ప్రశ్న అందరికీ వంతులవారీగా పంపడం మొదలుపెట్టాం. మేఘనకి, ప్రసాద్ గారికి అది సరిపోయింది. రఘు మాత్రం "నన్నేం అడగొద్దు, కొట్టడానికి ఎవరైనా ఉంటే చాలు" అన్నాడు. వంతులో అతని పేరు వచ్చినప్పుడల్లా ఒక యుద్ధం ఉంటుంది.

ఇదే పద్ధతిని నేను అన్నిచోట్లా వాడను. కేఫ్‌లో ఒకరికొకరు తెలియని వాళ్లతో ఒక్కరోజు ఆట అయితే ఈవిల్ వద్దని ముందే చెప్పేస్తాను. ఒకరినొకరు నమ్మడానికి మూడు గంటలు చాలవు. పారనోయా లాంటి ఆటల్లో ఇదేదీ అక్కర్లేదు. 1984లో వచ్చిన ఆ ఆటలో ఒకర్నొకరు వెన్నుపోటు పొడుచుకోవడమే సరదా, దానికోసమే అందరూ కూర్చుంటారు. చివరిది, క్యారెక్టర్ చాటున నిజంగానే ఒక మనిషిని కుళ్లబొడుస్తున్నారనిపిస్తే ఏ రూలూ పెట్టను. అది ఆట సమస్య కాదు, ఆ మనిషితో సూటిగా మాట్లాడి, అవసరమైతే రావొద్దని చెప్పాల్సిందే. వంశీతో విడిగా మాట్లాడకుండా ఈ కేసు మొదలుపెట్టకపోవడానికి కారణం అదే. ఆటలోని గొడవకీ నిజమైన వేధింపుకీ బయటికి కనిపించే లక్షణాలు ఒక్కలాగే ఉంటాయి.

ఈ మధ్య హరీష్ మళ్లీ ఫోన్ చేశాడు. ధీర ప్రమాణం తప్పే కథ ఒకటి ఆడాలని సుజాతకి ఉందట, అది మిగతావాళ్లకి తెలియకుండా తనతో విడిగా మెసేజ్‌లలో నడపాలని అడిగిందట. వంశీ సంబరపడి వెంటనే సరే అన్నాడట. ప్రసాద్ గారు వద్దన్నారు, ఆ రోజు తను నవ్విన నవ్వు ఆయనకి ఇంకా గుర్తుంది. నన్ను తీర్పు చెప్పమన్నారు. రూల్ ఉన్నది మనుషుల్ని కాపాడటానికే కాబట్టి, మోసపోబోయే వాళ్లు ముందే ఒప్పుకుంటే సడలించొచ్చన్నాను, కానీ ఐదుగురిలో ఒక్కరు కాదన్నా కుదరదన్నాను. ప్రసాద్ గారు కాదన్నారు. ధీర ప్రమాణం తప్పే కథ ఇప్పుడు అందరి ముందే నడుస్తోంది, ఆమె చేసింది బయటపడకుండా కాపాడుతున్నది నక్క.